గుడ్డ కప్పిన గాజుపెట్టె

నాకు అనుమానం జబ్బు కాదు, జీతం తెచ్చే గుణం. కరీంనగర్ నుంచి జమ్మికుంట పోయే బస్సులో కండక్టర్‌ని. హుజూరాబాద్‌లో దిగాల్సిన మనిషి కేశవపట్నం దాకే టికెట్ తీసుకుని, ఆ ఊరు రాగానే కిటికీకి తల ఆనించి నిద్ర నటిస్తే దగ్గరికి పోకుండానే చెప్పగలను. నిజంగా నిద్రపోయేవాడి నోరు కొంచెం తెరుచుకుని ఉంటుంది. నటించేవాడు నోరు బిగించి పడుకుంటాడు. ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చాక ఇంకో పని తోడైంది. మహారాష్ట్ర చంద్రపూర్ నుంచి చుట్టపుచూపుగా వచ్చిన వదినె, మరదలి ఆధార్ కార్డు నా ముందు పెట్టి పక్కకు చూస్తుంది. అబద్ధం ఆడేవాళ్ళందరూ ఏదో ఒక క్షణంలో పక్కకు చూస్తారు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పోయిన వానాకాలంలో మా ఇంటాయన నా మంచం పక్కన నిలబడి అచ్చం అట్లాగే పక్కకు చూశాడు. ఇప్పుడు మా పాప బోర్లా పడి నా బ్యాగు పట్టీ నములుతోంది, పిలిస్తే తల తిప్పుతోంది. గండం గడిచింది కాబట్టే రాయగలుగుతున్నాను. నెలలు నిండని బిడ్డను గాజుపెట్టెలో పెట్టి, బయట బెంచీల మీద ఎవరిని నమ్మాలో తెలియక కూర్చున్న వాళ్ళెవరైనా ఇది చదివితే, నేను పడ్డ పరేషాన్‌లో సగమైనా వాళ్ళకు తప్పుతుందని ఆశ.

జూన్ నెలాఖరు

ఏడో నెల నడుస్తోంది. కాళ్ళు వాచాయి. పొద్దంతా నిలబడే ఉద్యోగం కదా, వాపు రాక ఏం వస్తుంది అనుకున్నాను. తలనొప్పి వస్తే ఆ తప్పు బస్సు హారన్ మీదికి నెట్టాను. ఒకరోజు టికెట్ కొడుతుంటే మిషన్ మీద అంకెలు రెండేసి కనిపించాయి, కళ్ళ ముందు మిణుగురులు లేచాయి. డ్రైవరన్న నా ముఖం అద్దంలో చూసి, కరీంనగర్ బస్టాండుకు పోవాల్సిన బస్సును నేరుగా ఆసుపత్రి ముందు ఆపాడు. బస్సు నిండా జనం ఉన్నారు, ఒక్కరు కూడా గొణగలేదు. ఒక ముసలాయన నా బ్యాగు పట్టుకుని లోపలిదాకా వచ్చాడు. ఆయన పేరు కూడా అడగలేదు.

బీపీ చూసిన డాక్టరమ్మ, "బిడ్డను ఇప్పుడే తీయాలె. ఆగితే ఇద్దరికీ కష్టం" అన్నది. కడుపుతో ఉన్న ఆడవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. వాపుకూ తలనొప్పికీ కళ్ళ ముందు మెరుపులకూ మీరే కారణాలు కల్పించుకోకండి. డాక్టరు దగ్గరికి ఉరకండి.

తెలివి వచ్చేసరికి పక్కన మా అత్తమ్మ ఉంది. మా అవ్వ చనిపోయింది కాబట్టి నాకు తల్లయినా అత్తయినా ఆమే.

"ఆడపిల్ల" అన్నది.

"ఏది?"

"చిన్నపిల్లల దవాఖానకు తీస్కపోయిండ్రు. ఈడ అసొంటి మిషన్లు లేవట."

నేను బిడ్డ ఏడుపు వినలేదు. మత్తులో ఉన్నాను, ఎట్లా వింటాను అని నాకు నేనే చెప్పుకున్నాను గానీ, అనుమానం మొదటి స్టేజీలోనే ఎక్కి ముందు సీట్లో కూర్చుంది. తర్వాత మా ఇంటాయన తిరుపతి వచ్చాడు. సుల్తానాబాద్‌లో రైసుమిల్లు ఆపరేటర్. మిల్లు చప్పుడుకు అలవాటు పడి, ఇంట్లో ఉప్పు అడిగినా వీధికి వినిపించేట్టు అడుగుతాడు. ఆ మనిషి ఆ రోజు గుసగుసగా, "పాప మంచిగుంది" అన్నాడు. ఆ గొంతు విన్నాక నాకు భయం పట్టుకుంది.

జూలై మొదటి వారం

నా బీపీ దిగలేదు. మంచం దిగొద్దన్నారు. రోజూ పొద్దునా సాయంత్రమూ పాలు పిండి చిన్న సీసాలో పోసి ఇస్తే, తిరుపతి అది పట్టుకుని పాప ఉన్న ఆసుపత్రికి పోయేవాడు. తిరిగి రాగానే నేను మొదలుపెట్టేదాన్ని.

"ఎట్లుంది?"

"మంచిగుంది."

"ఎవరి పోలిక?"

కిటికీ దిక్కు చూశాడు. "చిన్నగుంది గదా. ఇంక తెలుస్తలేదు."

"నెత్తి మీద ఎంటికలున్నయా?"

"ఆఁ, ఒత్తుగున్నయ్."

మర్నాడు అదే ప్రశ్న తిప్పి అడిగాను. "టోపీ పెట్టిండ్రు, ఏం కనవడలే" అన్నాడు. నిన్న ఒత్తుగా ఉన్న వెంట్రుకలు ఒక్క రోజులో టోపీ కిందికి పోయాయి. బస్సులో అయితే అక్కడే విజిల్ వేసేదాన్ని.

ఫోటో తెమ్మన్నాను. ఫోన్ లోపలికి రానివ్వరన్నాడు. సరే, లోపల ఉండే సిస్టర్‌నే తీసి పంపమని అడుగు అన్నాను. "తియ్యరట" అన్నాడు. "అడిగినవా?" అంటే సీసా మూత బిగించడం మొదలుపెట్టాడు. అప్పటికే బిగించి ఉన్న మూత అది.

ఒక మధ్యాహ్నం నేను కళ్ళు మూసుకుని ఉంటే, తలుపు బయట అత్తమ్మ మాట వినబడింది. "దానికి ఇప్పుడే చెప్పకు కొడుకా. తట్టుకోదు. బీపీ ఇంకింత ఎక్కుతది." తిరుపతి ఏమన్నాడో వినిపించలేదు. నేను నోరు కొంచెం తెరిచి నిద్ర నటించాను. ఎట్లా నటించాలో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

నా బిడ్డ చనిపోయిందని ఆ మధ్యాహ్నమే నిర్ణయించుకున్నాను. ఎవరూ నాతో అనలేదు. అయినా నా లోపల అన్నీ ఒకదానికొకటి కుదిరిపోయాయి. ఏడుపు వినలేదు, ఫోటో లేదు, పోలిక లేదు. నన్ను బతికించుకోవడానికి వీళ్ళంతా కలిసి ఒక పాపను కల్పిస్తున్నారు.

మర్నాడు తిరుపతి జేబులోంచి ఒక చిన్న మెత్తటి గుడ్డ తీశాడు. "సిస్టర్ ఇచ్చింది. నీ రవికెల పెట్టుకోమన్నది. రేపు మళ్ళ తీస్కపోయి పాప పక్కన పెడ్తరట. నీ వాసన దానికి తెలువాల్నట."

వాసన చూశాను. మందుల వాసన తప్ప ఏమీ లేదు. గుడ్డముక్క చూపించి బిడ్డ ఉందంటే నమ్మడానికి నేనేమైనా నిన్న డ్యూటీలో చేరానా?

"ఈ పాలు ఏడ పారవోస్తున్నవ్?" అన్నాను.

"ఏం మాట్లాడుతున్నవ్ భాగ్యా!"

"పాప ఉన్నదా, లేదా? ఒక్కటే మాట."

"ఉన్నది. ఒట్టు."

"నా నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పు."

పెట్టాడు. "ఉన్నది" అన్నాడు. చెయ్యి బరువుగా, వెచ్చగా, నిజం చెప్పే చెయ్యిలాగే ఉంది. ఒక్క క్షణం నాకు ఊపిరి వచ్చింది. కానీ అలవాటు ఊరుకోనివ్వదు కదా.

"నీ కండ్లతోని చూసినవా?"

చెయ్యి తీసేశాడు.

ఇక నేను ఒక్క మాట కూడా అడగలేదు. "నేను చూసేదాక చుక్క పాలు గూడ ఇయ్య" అని గోడ దిక్కు తిరిగి పడుకున్నాను. తిరుపతి ఖాళీ సీసా పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం పాలు గడ్డకట్టి రొమ్ములు సలిపాయి. లేని బిడ్డకు పాలు ఎందుకు వస్తున్నాయని ఏడ్చాను.

చిన్నపిల్లల ఆసుపత్రి

తెల్లారాక డాక్టరమ్మ వస్తే చెయ్యి పట్టుకున్నాను. "నన్ను తీసుకుపోతరా, నేనే పోవాల్నా?" అన్నాను. ఆమె నా ముఖం చూసి, ఆయమ్మను తోడిచ్చి, గంటలో రావాలని ఆటో ఎక్కించింది. అత్తమ్మ ఇంట్లో వంట చేస్తోంది, ఆమెకు కబురు కూడా చేయలేదు.

పిల్లల ఆసుపత్రి పై అంతస్తులో ఒక పెద్ద హాలు, దాని చివర గాజుపెట్టెల గదికి తలుపు, పక్కనే అద్దాల కిటికీ ఉన్నాయి. తలుపు ముందు చెప్పుల కుప్ప, గోడ వెంట టిఫిన్ డబ్బాలు, చాపలు, ఫ్లాస్కులు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. ఉట్నూరు నుంచి వచ్చిన ఒక ముసలామె నేను కుట్లు పట్టుకుని వంగి నడవడం చూసి, తన శాలువా నాలుగు మడతలు పెట్టి బెంచీ మీద పరిచింది.

"కూసో బాయి, గాబరా కాకు. నీ పోరగాడు లోపలున్నడా?"

"పాప" అన్నాను. "జమ్మికుంట కండక్టర్‌ని నేను. మా ఆయన రోజూ వస్తడట ఈడికి."

ముసలామె ముఖంలో ఏదో మెరిసింది. "పెండ్లాం కండక్టరని చెప్తడు, ఆయన పెండ్లామువా నువ్వు? దినాం వస్తడు. పొద్దుగూకే దాక ఈడనే కూసుంటడు. కని గా అద్దం దిక్కు ఎన్నడు మొకం పెట్టడు. వీపు పెట్టి కూసుంటడు. సిస్టర్ లోపలికి రమ్మన్నా పోడు. ఎందుకో ఏమో, నాకు సమజ్ కాలే."

అంటే రోజూ వస్తున్నాడు, పాపను మాత్రం చూడటం లేదు. లేని పాప కోసం ఇక్కడ పొద్దుగూకేదాకా ఎందుకు కూర్చుంటాడు? ఉన్న పాపకు వీపు ఎందుకు పెడతాడు? నా లెక్క మొదటిసారి తప్పింది.

అప్పుడే తలుపు తెరుచుకుని ఎస్తేర్ అనే సిస్టర్ బయటికి వచ్చింది. నల్లగా, సన్నగా ఉంటుంది, నవ్వదు. ఎవరి తాలూకు అని అడిగింది, పేరూ ఉద్యోగమూ చెప్పాను. నన్ను పైనుంచి కిందికి చూసింది. ఆ చూపు నాకు తెలుసు. అది నా చూపే.

"ఇన్ని దినాలకు ఒక్కరన్న వచ్చిండ్రు" అన్నది. "నువ్వు మంచం మీదున్నవని తెలుసు, నిన్నంటలేను. మీ ఆయన పాలిచ్చి తలుపు కాడనే ఆగుతడు. పాపను చూడు రా అంటే నేల చూస్తడు. ఫోటో తీసిస్తనన్నా వద్దన్నడు. నిన్నటికెళ్ళి పాలు గూడ బంద్ వెట్టిండ్రు. ఆడపిల్ల అని వదిలించుకునేటోళ్ళను నేను చానమందిని చూసిన."

"పాప బతికే ఉన్నదా సిస్టర్?" అన్నాను.

ఆమె ముఖం మారింది. నా గాజులు తీయించి, మోచేతుల దాకా సబ్బుతో కడిగించి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

లోపల చీకటిగా ఉంది. ఆసుపత్రి అంటే తెల్లగా వెలుగుతూ ఉండాలి కదా. ఇక్కడ గాజుపెట్టెల మీద మందపాటి గుడ్డలు కప్పారు. నర్సులు దొంగల్లాగా మెల్లగా నడుస్తున్నారు. పాతికమందికి పైగా ఎక్కించుకున్న జీపు మీద పోలీసులకు కనబడకుండా టార్పాలిన్ కప్పినట్టుంది. నా అనుమానం మళ్ళీ లేచింది. "ఈ చీకట్ల ఏం దాస్తున్నరు సిస్టర్?" అన్నాను.

అది బస్సు వెనక సీటుకు వినిపించే గొంతు. ఆ గొంతు తప్ప నాకు ఇంకోటి రాదు. గుడ్డ కింద మిషన్ కీచుమంది. సిస్టర్ గుడ్డ అంచు ఎత్తింది. లోపల అరచేతి వెడల్పు వీపు ఉన్న ఒక ప్రాణి, రెండు చేతులూ విదిలించి, వేళ్ళు విప్పార్చి వణుకుతోంది. మిషన్ మీద అంకె దిగిపోతోంది.

"నీ బిడ్డనే" అన్నది సిస్టర్, వినీ వినిపించనట్టు. "నువ్వే బెదిరిచ్చినవ్."

పెట్టె పక్కన ఉన్న గుండ్రటి తలుపులోంచి నా చేతులు లోపలికి పెట్టించింది. నేను తల నిమరబోతే ఆపింది. "రాయొద్దు. రాస్తే అది ఓర్వదు. ఒక చెయ్యి నెత్తికి, ఒక చెయ్యి కాళ్ళకు పెట్టు. కదలకుంట ఉంచు, అంతే." ఉంచాను. కాళ్ళు నా అరచేతిని తన్ని, మడుచుకుని, ఆగాయి. అంకె మెల్లగా పైకి ఎక్కింది. అప్పుడు ఏడుపు వచ్చింది. చప్పుడు చేయకుండా ఏడవడం అక్కడే నేర్చుకున్నాను.

సిస్టర్ చెవి దగ్గర చెప్పింది. "కడుపుల ఉంటే ఇంక చీకట్లనే ఉండేది గదా అక్కా. దాని మెదడు ఇంక తయారైతనే ఉన్నది. గీ లైట్లు, గీ చప్పుళ్ళు ఇప్పుడే దానికి పనికిరావు. నిద్రపోతేనే మెదడు పెరుగుతది. అందుకే సూదులు, బట్టలు మార్చుడు, అన్నీ ఒక్కపారే చేసి, మళ్ళ లేపం. నీ పాలు, నీ వాసన, మెల్లగ నీ మాట. గివే దానికి ఇప్పుడు మందులు."

నమ్మాలనే ఉంది. అయినా చీకట్లో వేరేవాళ్ళ బిడ్డను చూపిస్తే నాకెట్లా తెలుస్తుంది? పాప కాలికి కట్టిన పట్టీ దగ్గరికి వంగి, దాని మీద నా పేరు చదివాను. మళ్ళీ చదివాను. సిస్టర్ నా వైపు చూసి మొదటిసారి పెదవి కదిపింది.

"కార్డు చెక్ చేసినవా? ఉంచుతవా, దించుతవా?"

"ఉంచుత" అన్నాను.

ముక్కులోంచి పోయిన సన్నటి గొట్టం కదలకుండా ఎడమ చెంపకు ప్లాస్టర్ వేశారు. దాని చుట్టూ పల్చటి చర్మం ఒరిసిపోయి, చతురస్రంగా ఎర్రటి అచ్చు పడింది. అగ్గిపెట్టె వెడల్పు కూడా లేని చెంప మీద ఆ అచ్చు నేను చూడలేకపోయాను. తర్వాత ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు.

మూల

బయటికి వచ్చేసరికి తిరుపతి చాయ్ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి గ్లాసు బెంచీ మీద పెట్టేశాడు.

"చూసినవా?" అన్నాడు. "ఎట్లుంది?"

ఆ ప్రశ్న రోజూ నేను అడిగింది. అదే ఆశ, అదే భయం.

"నువ్వెందుకు చూస్తలేవు?"

"మూల" అన్నాడు. "మొదటి పాదం. పుట్టిన గడియ చెప్పంగనే అయ్యగారు అన్నడు. తండ్రికి గండమట. మళ్ళ మూల నక్షత్రం తిరిగొచ్చిన దినం శాంతి చేసి, నూనెల మొకం చూడాలె. గంతదాక ఎదురుంగ చూడొద్దు. ఫోటోల చూసినా చూసినట్టే అన్నడు."

ఈ ఆచారం మా దిక్కు అందరికీ తెలిసిందే. కానీ బిడ్డ ఇంట్లో, తల్లి పక్కలో ఉన్నప్పుడు తండ్రి నాలుగు వారాలు పక్క గదిలో పడుకుంటే ఏమీ కాదు. ఇక్కడ తల్లి ఒక ఆసుపత్రిలో, బిడ్డ ఇంకో ఆసుపత్రిలో. లోపలికి తల్లిదండ్రులను తప్ప ఎవరినీ రానివ్వరు. తల్లికి మంచం దిగే వీల్లేదు, తండ్రికి గండం. మధ్యలో ఆ పిల్ల ఒక్కతే చీకట్లో ఉండిపోయింది.

"నీ పానం కోసం దాన్ని ఒంటరిగ వదిలేసినవా?" అన్నాను.

"నా పానం కోసం కాదు." కళ్ళు తుడుచుకున్నాడు. "అవ్వ నా కాళ్ళు పట్టుకున్నది భాగ్యా. మా చెల్లె గూడ మూలల్నే పుట్టింది. బాపు శాంతి గీంతి ఏందని కొట్టేసి, పుట్టిన దినమే ఎత్తుకున్నడట. మూడు నెలలు తిరుగలే, పొలంల పిడుగు పడి పోయిండు. నువ్వు గూడ పోతే నేను బతుక కొడుకా అని అవ్వ ఏడుస్తుంటే నేనేం జెయ్యాలె?"

"నువ్వు నమ్ముతవా?"

బెంచీ మీది చాయ్ గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "బాపు మొకం నాకు యాదికి లేదు" అన్నాడు. "నమ్మ అని ఎట్లంటా?"

నాకు అత్తమ్మ మీద కోపం వచ్చింది, అయ్యగారి మీద వచ్చింది, ముప్పై ఏళ్ళ కింద పడిన పిడుగు మీద కూడా వచ్చింది. తిరుపతి మీద మాత్రం ఎంత తెచ్చుకుందామన్నా పూర్తిగా రాలేదు.

జూలై రెండో సగం

ఆ రోజు నుంచి పాలు ఆపలేదు. రవికెలో గుడ్డ తీయలేదు. కానీ నాలుగు రోజులకే నా కుట్లు చీము పట్టి జ్వరం వచ్చింది. జ్వరం తగ్గేదాకా పాప దగ్గరికి పోవద్దన్నారు. సరిగ్గా అప్పుడే అక్కడి డాక్టరు, పాప కుదురుకుంది, రోజూ కొన్ని గంటలు ఒంటికి ఒళ్ళు ఆనించి ఛాతీ మీద పడుకోబెట్టుకోవాలని చెప్పాడట. గుండె చప్పుడూ వేడీ తగిలితే పిల్ల ఊపిరి నిలకడగా ఉంటుంది, నిద్ర బాగా పడుతుంది. ఆ నిద్రే దానికి అన్నిటికంటే అవసరం.

తల్లికి జ్వరం. ఇక మిగిలింది తండ్రి.

సంగతంతా తిరుపతి ఎస్తేర్ సిస్టర్‌కు చెప్పేశాడు. ఆమె అతన్ని తిట్టలేదు. మీ అవ్వను తీసుకురా అన్నదట. అత్తమ్మ పోయింది. అక్కడ జరిగింది ఆమే నాకు చెప్పింది.

"మా ఇంట్ల ప్రార్థన చేసుకుంటం అవ్వా, నక్షత్రాలు మాకు తెల్వయి" అన్నదట సిస్టర్. "కని కొడుకు మీద తల్లికుండే భయం తెలుసు. పాపను ఆయన ఛాతీ మీద బోర్ల పండవెడత. మొకం పక్కకుంటది, నెత్తికి టోపీ ఉంటది, పైనుంచి గుడ్డ కప్పుత. ఆయన మోర పైకెత్తి కూసుంటే కనవడేది కప్పే. మిషన్ దిక్కు నేను చూసుకుంట. ఇగ నీకేం ఫికర్?"

"అద్దంల కెళ్ళి నేను చూస్తుంట" అన్నదట అత్తమ్మ. "మోర దించితే లోపటికొస్త."

అట్లా ఒప్పందం కుదిరింది. తిరుపతి లోపల కుర్చీలో అంగీ గుండీలు విప్పి, పాపను ఛాతీకి కట్టుకుని, కప్పు చూస్తూ కూర్చునేవాడు. బయట అత్తమ్మ అద్దానికి ముక్కు ఆనించి కొడుకు గడ్డం కాపలా కాసేది. ఉట్నూరు ముసలామె ఆమెకు తోడు. సాయంత్రం మెడ పట్టేసి వచ్చేవాడు. నేను మంచం మీద నుంచే మెడకు జండూబామ్ రాసేదాన్ని.

"ఎట్లుంది?" అని అడిగితే ఇప్పుడు కిటికీ దిక్కు చూడటం లేదు.

"ఊపిరి తీస్తే నా ఛాతీ మీద పిచ్చుకపిల్ల మెసిలినట్టుంటది. ఎక్కిళ్ళు వస్తే మొత్తం ఒళ్ళు ఎగురుతది. నేను దగ్గుదామన్నా దగ్గుత లేను, లేస్తదని. నా గుండె మిల్లు లెక్క కొట్టుకుంటది గదా, దానికి గదే జోలపాటట."

వినివిని ఇన్నాళ్ళకు అతని మాట నమ్మాను. అయినా నేను నేనే కదా. "చూడలే గదా?" అని రోజూ అడిగేదాన్ని. "లే" అనేవాడు. అది కూడా నమ్మాను.

ఆగస్టు

జ్వరం తగ్గాక నేనూ పోయాను. పొద్దున నేను, మధ్యాహ్నం అతను. గొంతు తగ్గించి ఏం మాట్లాడాలో తెలియలేదు. జోలపాటలు నాకు రావు. కడుపులో ఉన్నప్పుడు రోజూ విన్నది ఇదే కదా అని, "మానకొండూర్, కేశవపట్నం, హుజూరాబాద్, జమ్మికుంట" అని చెవి దగ్గర చెప్పేదాన్ని. జమ్మికుంట వచ్చేలోపు నిద్రపోయేది. ఎస్తేర్ సిస్టర్ పక్క పెట్టె దగ్గర నిలబడి, "టికెట్ తీసుకున్నదా?" అని కన్ను గీటేది. నవ్వదనుకున్న మనిషి.

ఉట్నూరు ముసలామె మనుమడు మాకంటే ముందు ఇంటికి పోయాడు. శాలువా నాకే వదిలేసింది.

మొదటిసారి మూల తిరిగి వచ్చినప్పుడు పాప ఇంకా పెట్టెలోనే ఉంది. ఇంకోసారి రానివ్వమన్నాడు అయ్యగారు. ఆగస్టు మధ్యలో పాప ఇంటికి వచ్చింది. ముక్కులో గొట్టం పోయింది, చెంప నున్నగా మారింది. ఇంట్లో టీవీ మూటకట్టి అటక మీద పెట్టాం. అత్తమ్మ నూనె గిన్నె పట్టుకుని తల ఒత్తి గుండ్రంగా చేస్తానని, సాంబ్రాణి పొగ వేస్తానని వచ్చింది. రెండూ వద్దన్నాను. "మేము పెంచలేదా పిల్లలను?" అని గొణిగింది. "పెంచినవ్ అత్తమ్మా, కని నీ పిల్లలు నెలలు నిండి పుట్టిండ్రు" అన్నాను. ఆమె గిన్నె లోపల పెట్టేసింది. తిరుపతి మాత్రం ఇంట్లో తలపాగా కళ్ళ మీదికి లాక్కుని, గోడలు పట్టుకుని తిరిగేవాడు. ఒకసారి నీళ్ళ బిందెకు కొట్టుకున్నాడు.

అన్నీ అయిపోయాయని అనుకోకండి. ఇప్పటికీ పరీక్షలకు పోతూనే ఉన్నాం. డాక్టరు ఎర్ర బంతి ఊపితే పాప చూపు దాని వెంట పోతుందా, గిలక్కాయ చప్పుడుకు తిరుగుతుందా అని నేను డాక్టరు ముఖమే చూస్తుంటాను. "మంచిగనే ఉన్నది" అంటే, ఆయన పక్కకు చూశాడా లేదా అని చూస్తాను. ఇంతవరకు చూడలేదు.

శాంతి

శ్రావణంలో మూల వచ్చింది. పొద్దున్నే చినుకులు. అయ్యగారు శాంతి చేయించి, కంచు గిన్నె నిండా నువ్వుల నూనె పోయించాడు. తిరుపతిని దాని ముందు కూర్చోబెట్టాడు. నేను పాపను ఎత్తుకుని అతని వెనకాల నిలబడి, భుజం మీదుగా ముందుకు వంచాను. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడకు ఆనుకుని నిలబడింది.

"ఇగ చూడు నాయినా" అన్నాడు అయ్యగారు.

తిరుపతి గిన్నెలోకి వంగాడు. నూనె కదిలి, ఆగింది. నేను పాపను చూడలేదు. ఇన్ని వారాల తర్వాత మొదటిసారి బిడ్డ ముఖం చూసే మనిషి ఎట్లా ఉంటాడో చూడాలని అతని ముఖమే గిన్నెలో చూస్తున్నాను. అతను వెతకలేదు. కళ్ళు ఎవరి పోలిక, ముక్కు ఎవరి పోలిక అని ఎక్కడా ఆగలేదు. తెలిసిన ఇంట్లో చీకట్లో స్విచ్ దగ్గరికి చెయ్యి పోయినట్టు, చూపు నేరుగా ఎడమ చెంప మీదికి పోయింది.

"ఎర్రటి అచ్చు పోయింది" అన్నాడు, తనలో తాను.

అయ్యగారు మంత్రాల్లో ఉన్నాడు. అత్తమ్మకు వినిపించలేదు. నాకు వినిపించింది.

ఆ అచ్చు గురించి నేను ఎవరికీ చెప్పలేదు. అది ఆసుపత్రిలోనే పడి, ఆసుపత్రిలోనే మానిపోయింది. అద్దం అవతల తల్లి కాపలా ఉండగా, గండం తన నెత్తి మీద ఉందని నమ్ముతూనే, ఈ మనిషి ఏదో ఒక మధ్యాహ్నం మోర దించి బిడ్డ ముఖం చూశాడు. చూసి, సాయంత్రం నా దగ్గరికి వచ్చి "లే" అన్నాడు. ఆ తర్వాత రోజూ పోయి మళ్ళీ ఛాతీకి కట్టుకున్నాడు.

తలెత్తి నన్ను చూశాడు. నేను విన్నానని అర్థమైంది. పక్కకు చూశాడు.

దొరికిపోయినవాళ్ళను నేను ఎన్నడూ వదల్లేదు. ఆ రోజు వదిలేశాను. పాపను భుజం మీది నుంచి దించి, అతని ఒళ్ళో, ముఖానికి ముఖం పెట్టి పడుకోబెట్టాను.

"అవ్వా, ఇగ చూడొచ్చా?" అన్నాడు తిరుపతి.

"చూడు కొడుకా, చూడు" అని అత్తమ్మ భోరుమంది.

"చూడు" అన్నాను నేను కూడా. "ఎన్నడు చూడనట్టే చూడు."